ముల్లును ముల్లుతోనే!

పిల్లలకు నోటు పుస్తకాలు కొనేటప్పుడు ధర అడుగుతాం, పేజీలు లెక్కపెడతాం. ఆ కాగితం ఎన్ని నీళ్ళు తాగిందో మాత్రం అడగం. 2003లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పాత పెద్ద మిల్లులకు ఒక హద్దు గీసింది: టన్ను కాగితానికి వదిలే మురుగునీరు నాలుగేళ్ళలో 120 ఘనపు మీటర్లకు తగ్గాలని. తగ్గిన తరువాత కూడా కిలోకు 120 లీటర్లన్నమాట! మదీనాగూడలో వేసవి వస్తే ట్యాంకరు కోసం వీధి మొగలో కాచుకునే మావంటివాళ్ళకు ఈ లెక్క వింటే ప్రాణం ఉసూరుమంటుంది.

"ఆ మిల్లులెక్కడో, మనమెక్కడో" అనుకోకండి. రాజమండ్రి మిల్లూ, సారపాక మిల్లూ గోదావరి ఒడ్డునే ఉన్నాయి. హైదరాబాదుకు నీళ్ళిచ్చే మంజీర ఆ గోదావరికి ఉపనది. 2015 నుంచి గోదావరి నీళ్ళే గొట్టాల్లో నగరానికి వస్తున్నాయి. ఒకే తల్లి పాలు!

కర్రలోంచి గుజ్జు తీసేటప్పుడు లిగ్నిన్ అనే పదార్థం విడిపోతుంది. మురుగుకు కాఫీ డికాక్షన్ రంగు వచ్చేది ముఖ్యంగా దీనివల్లనే. మురుగులోని మిగతా మలినాలను సూక్ష్మజీవులు చాలావరకు తినేస్తాయిగాని, దీన్ని అంతగా ముట్టవు. అక్కడ అక్కరకు వచ్చేది పొర వడపోత. కంటికి కనబడని రంధ్రాలున్న మొదటి పొర పెద్ద అణువులను ఆపుతుంది. ఒత్తిడితో నీటిని తోస్తే రెండో పొర ఉప్పును కూడా ఆపుతుంది. ఆ నీటిని మిల్లు మళ్ళీ వాడుకోవచ్చు.

ఉప్పును ఆపే పొరను 1950 దశకం చివర లాస్ ఏంజిలిస్‌లో సిడ్నీ లోబ్, మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి పనికివచ్చే రూపానికి తెచ్చారు. దేనితో చేశారనుకున్నారు? సెల్యులోజ్ ఎసిటేట్‌తో. కాగితమూ సెల్యులోజే గదా! ఇప్పుడు వేరే పదార్థాల పొరలే ఎక్కువగాని, ముల్లును ముల్లుతో తీయడమంటే అదే.

అయితే ఒక మెలిక ఉంది. పొర మురికిని చంపదు, ఒక పక్కకు నెడుతుంది. మన వంటింటి ఆర్వో యంత్రం కూడా ఒక బిందె మంచినీళ్ళిచ్చి, రెండు మూడు బిందెలు బయటికి పోస్తుంది. మా ఆవిడ వాటిని బకెట్లో పట్టి గచ్చు కడిగిస్తుంది. మిల్లులో మిగిలేది అంత సాధువు కాదు. దాన్ని మరగబెట్టి ఇగర్చాలంటే ఆవిరి ఖర్చు. పైగా జిగురు పట్టి పొరలు మూసుకుపోతుంటాయి, కడుగుతుండాలి, మారుస్తుండాలి.

అందుకే "ఎంత నీరు శుద్ధి చేశారు?" అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. "మిగిలిన చిక్కటి నీరు ఎక్కడికి పోయింది?" అని కూడా అడగాలి. అడిగే హక్కు మనకుంది. కాకపోతే మన వంటింటి గొట్టం ఎటు పారుతోందో ఓసారి చూసుకుని మరీ అడుగుదాం.