గాయం రాయదు

సాహిత్య సభల్లో దళిత రచయితను పరిచయం చేసే పద్ధతి ఒకటి స్థిరపడిపోయింది. ముందు వాడ, పస్తులు, బడిలో అవమానాలు. ఆ తర్వాత, "ఇంత బాధ పడ్డారు కాబట్టే ఇంత గొప్పగా రాయగలిగారు" అని ఒక మెచ్చుకోలు. చప్పట్లు. ఈ మెచ్చుకోలులో మోసం ఉంది. రచయితకు దక్కాల్సిన పేరులో సగం ఆ రచయితను హింసించిన వ్యవస్థకు పోతోంది. అంటరానితనమే లేకపోతే మంచి కవిత్వం వచ్చేది కాదన్నట్టు!

దీనికి తరచూ చూపించే సాక్ష్యం గుర్రం జాషువా. పేదరికం, కులమత భేదం తనకు గురువులని ఆయనే చెప్పుకున్నారు కదా అంటారు. నిజమే. ఆ గురువులు ఏం నేర్పారన్నారో కూడా చూడాలి. ఒకరు సహనం, మరొకరు ఎదిరించే శక్తి. పద్యం నేర్పారని మాత్రం అనలేదు. పద్యం ఆయన కష్టపడి చదివి నేర్చుకున్నది. సంస్కృత కావ్యాలు చదివారు, గుంటూరులో ఏళ్ళ తరబడి ఉపాధ్యాయుడిగా పనిచేశారు. 1941లో 'గబ్బిలం' వచ్చేనాటికి ఆయనకు దశాబ్దాల సాధన ఉంది, చేతిలో జీతం ఉంది. ఇక 'ఫిరదౌసి' సంగతేమిటి? పర్షియన్ కవి కథను కావ్యం చేసిన జాషువాకు ఈ బాధా సిద్ధాంతంలో చోటే లేదు.

బాధే రచయితలను తయారుచేసేదైతే తెలుగు నవలల్లో సగం సూరత్ నుంచి రావాలి. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి చేనేత కుటుంబాలు తరాలుగా అక్కడి మరమగ్గాలకు వలసపోయాయి. లింబాయత్ వీధుల్లో తెలుగు వినిపిస్తుంది. 12 గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి, చెవులు దిబ్బడేసే మోత. బాధకు అక్కడ కరువేమీ లేదు. కరువున్నది తీరికకు. సెలవు దొరికిన పూట పిల్లలను తీసుకుని డుమస్ సముద్రపు ఒడ్డుకు పోయి, టమాటా భజియా తిని, చీకటి పడకముందే తిరిగొస్తే వారం అయిపోయినట్టే. ఆ డుమస్ గురించి బయటి లోకం చెప్పుకునేవి దయ్యాల కథలు. అక్కడి ఇసుక నల్లగా ఉండేది ఇనుప ఖనిజం వల్ల అంటే ఎవరికీ రుచించదు. రచన విషయంలోనూ అదే జరుగుతోంది. చదువు, జీతం, గది, ఖాళీ సాయంత్రం వంటి మామూలు కారణాలను వదిలేసి, కన్నీళ్ళ మహిమ అని కథ చెబుతున్నాం.

అదే గుజరాత్‌లో, సూరత్‌కు ఉత్తరాన ఉన్న బరోడా ఈ రెండింటి తేడానూ చూపించింది. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో బాబాసాహెబ్ కొలంబియాకు వెళ్ళారు. 1916లో అక్కడి సెమినార్‌లో భారతదేశంలో కులాల పుట్టుకపై పత్రం చదివారు. 1917లో అదే బరోడాకు ఉద్యోగానికి వస్తే, అంటరానివాడని పార్సీ సత్రం నుంచి కర్రలతో వెళ్ళగొట్టారు. తలదాచుకునే ఇల్లు దొరక్క బొంబాయి రైలెక్కారు. స్కాలర్‌షిప్ పరిశోధనను ఇచ్చింది. అవమానం ఉద్యోగాన్ని పోగొట్టింది. ఆ అవమానం గురించి ఆయన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసింది దాదాపు 18 ఏళ్ళ తర్వాత. అప్పటికి ఆయన బారిస్టరు, ప్రొఫెసరు, ఉద్యమ నాయకుడు. రాయించింది గాయం కాదు, గాయాన్ని దూరం నుంచి చూడగలిగిన చదువు.

అయితే స్వానుభవం అక్కర్లేదా? కావాలి. వాడ గురించి వాడలో పుట్టినవాళ్ళకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. కానీ అది జ్ఞానం. దాన్ని బాధగా మాత్రమే లెక్కగట్టడంలోనే కులం ఉంది. అగ్రవర్ణ రచయిత రాస్తే శిల్పం గురించి చర్చిస్తారు, మనం రాస్తే కన్నీళ్ళు తుడుచుకుంటారు. ఆలోచన వాళ్ళది, అనుభవం మనది అనే ఈ పంపకం పాత వర్ణవ్యవస్థే.

ఈ పంపకం ఖరీదు మనకు తెలుసు. రోహిత్ వేముల కార్ల్ సాగన్‌లా సైన్స్ రచయిత కావాలనుకున్నాడు. నక్షత్రాల గురించి రాయాలనుకున్నాడు. 2016 జనవరి 17న అతను వదిలివెళ్ళిన ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్ బకాయి లెక్క కూడా ఉంది. ఆ ఉత్తరం భాషను పొగిడినవాళ్ళు చాలామంది. బాధ అతన్ని రచయితను చేయలేదు. అతను రాయాల్సిన పుస్తకాలన్నిటినీ మింగేసింది.

కాబట్టి యూనివర్సిటీల్లో ఉన్న మనం చేయాల్సిన పనులు స్పష్టం. ఫెలోషిప్ నెలనెలా పడాలని కొట్లాడాలి. హాస్టల్ గది, రాత్రి లైబ్రరీ మన సాహిత్య డిమాండ్లు కావాలి. దళిత రచనను సిలబస్‌లో సాక్ష్యంగా కాక, కళగా, సిద్ధాంతంగా పాఠం చెప్పాలి. సెమినార్‌కు పిలిచిన దళిత విద్యార్థిని "మీ కష్టాలు చెప్పండి" అని కాదు, "ఏం చదువుతున్నారు, ఏం రాస్తున్నారు?" అని అడగాలి.

మన పిల్లలు సుఖంగా పెరిగి, కడుపునిండా తిని, ప్రేమ గురించో నక్షత్రాల గురించో రాసే రోజు వస్తే దళిత సాహిత్యం చచ్చిపోతుందని కొందరి బెంగ. ఆ రోజు కోసమే కదా ఇంత పోరాటం!