మన క్యాసెట్లు మనమే దాసుకోవాలె!

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వాడల్లోని అన్నలారా, అక్కలారా! మీ ఇంట్లో అటక మీద, ట్రంకుపెట్టె అడుగున పాత క్యాసెట్లు ఉన్నాయా? దులిపి చూడండి. 1985లో కారంచేడు, 1991లో చుండూరు, 1994లో మాదిగ దండోరా. పేపర్లల్ల చోటు దొరకని మన కోపం ఆ ఏండ్లల్ల పాటకెక్కింది. పాట క్యాసెట్టుకెక్కింది. ఒక్క టేపురికార్డరు చుట్టూ వాడంతా కూసోని విన్నది.

మరి ఆ క్యాసెట్లను మనమేం చేసినం? పెండ్లి బారాతు కోసం వాటి మీదనే సినిమా పాటలు ఎక్కించినం. టేపు గుంజి పిట్టలు బెదరడానికి చేన్లకు కట్టినం. మన గొంతును మన చేతులతోనే చెరిపేసినం. ఈ తప్పు దొర మీద తోస్తే చెల్లదు.

అమెరికా సంగతి వినండి. రాజధాని వాషింగ్టన్‌లో నలుగురు నల్ల యువకులు ‘బ్యాడ్ బ్రెయిన్స్’ అని జట్టు కట్టిండ్రు. చిన్న పాట, పిడుగు వేగం, గొంతు చించుకునే కోపం. దాన్ని హార్డ్‌కోర్ పంక్ అంటారు. 1982లో వాళ్ళ మొదటి ఆల్బం వచ్చింది క్యాసెట్టు మీదనే! అదే ఊళ్ళె ఇంకొందరు పోరగాండ్లు 1980లో ‘డిస్కార్డ్’ అనే సొంత కంపెనీ పెట్టి, రికార్డు అట్టలు చేతులతో మడిచి అతికించి అమ్మిండ్రు. పెద్ద కంపెనీల గడప తొక్కలేదు. ఇయ్యాల ఆ తొలి ప్లేట్లను పాత రికార్డులు కూడబెట్టేటోళ్ళు వేలకు వేలు పోసి కొంటున్నరు. కానీ డిస్కార్డ్ వాళ్ళు తమ పాటను తమ చేతుల్లోనే ఉంచుకున్నరు.

మన దగ్గరో? నాగర్‌కర్నూలు జిల్లా దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర 2021లో సినిమా పాటకెక్కింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంతకుముందు తరాల డక్కలి కళాకారుల గొంతులు ఎన్ని మిగిలినయి? రేపు మన పాటను కూడా ‘ఎవరు రాసిండ్రో తెలియని జానపదం’ అని ఎవడో తన పేరున అచ్చేసుకుంటే, నిలదీయడానికి మన చేతిలో ఆధారం ఏది?

“పాట గొంతుల బతుకుతది, పెట్టెల పెడితే చస్తది” అంటారు కొందరు. పాడే గొంతు ఉన్నన్నాళ్ళు నిజమే. ఆ గొంతు పోయినంక? వాళ్ళ పురాణాలకు తాళపత్రాలు కావాలె, గ్రంథాలయాలు కావాలె. మన పాటకు మాత్రం గాలి చాలునా?

కార్యకర్తలారా! ఈ పక్షంలోనే పని మొదలుపెట్టండి. క్యాసెట్టు వెనక అంచున రెండు చిన్న రెక్కలుంటయి. విరగ్గొట్టండి, దాని మీద మళ్ళీ రికార్డు కాదు. బూజు పట్టినదాన్ని తొందరపడి తిప్పకండి, టేపు తెగుతది. రాసినోళ్ళ పేరు, పాడినోళ్ళ పేరు, ఊరు, సంవత్సరం అట్ట మీద రాయండి. సెల్‌ఫోన్లకు, కంప్యూటర్లకు ఎక్కించి నాలుగు ఊళ్ళల్ల దాచండి. ఒక్కో పాటను వాడ పిల్లలకు నేర్పండి.

నాడు వాడను లేపిన పాట రేపటి సభలో మళ్ళీ మోగాలె. జై భీమ్!