ఏ తారీఖున తీసిన రక్తం?

గుంటూరు నుంచి ఓ పెద్దావిడ కూతురి పురిటికని న్యూజెర్సీ వెళ్లిందనుకుందాం. మే నెలలో దిగింది. ఊరికే కూర్చోలేక ఇంటి వెనక నాలుగు గోంగూర మొక్కలు, ఓ బీరపాదు పెట్టింది. కంచె అవతల చెట్లు, వాటికింద నిరుటి ఆకుల చెత్త, పొద్దువాలితే జింకలు. జూన్ చివర్లో మోకాలి వెనక అరచేయంత మచ్చ తేలింది. నొప్పి లేదు, పెద్దగా దురదా లేదు. ‘ఏ పురుగో పారి ఉంటుందిలే’ అని కొబ్బరినూనె రాసుకుంది. కూతురు మనసొప్పక అర్జెంట్ కేర్‌కు తీసుకెళితే రక్తం తీశారు. లైమ్ నెగెటివ్. హమ్మయ్య అనుకున్నారు అందరూ.

ఆ రిపోర్టులో అబద్ధమేమీ లేదు. అడగకూడని సమయంలో అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు అది.

ఈ జబ్బుకు పేరిచ్చిన లైమ్ అన్నది అమెరికాలోని కనెక్టికట్‌లో ఓ చిన్న ఊరి పేరు. 1975 ప్రాంతంలో అక్కడి పిల్లలకు వరసగా మోకాళ్లు వాస్తుంటే, పాలీ మర్రే అనే తల్లి ఇంట్లో ఎవరికి ఏ బాధ ఎప్పుడు మొదలైందో రాసి పెట్టుకుని అధికారుల వెంటపడింది. యేల్ విశ్వవిద్యాలయం నుంచి అలెన్ స్టీర్ బృందం వచ్చి చూసింది. 1982 నాటికి విల్లీ బర్గ్‌డార్ఫర్ పిడుదుల పొట్టలో ఈ జబ్బు తెచ్చే మెలికలు తిరిగిన బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. మన పశువులకు పట్టే పిడుదుల జాతిదే ఈ పురుగు కూడా. కొన్నిచోట్ల గోమారి అంటాం. మనిషిని ఎక్కువగా కుట్టేది దాని పిల్ల. గసగసం గింజంత ఉంటుంది, కుట్టినట్టు కూడా తెలియదు. సూక్ష్మదర్శినికంటే ముందు ఈ జబ్బు ఆచూకీ తీసింది ఓ తల్లి రాసుకున్న తేదీలని గుర్తుంచుకోవాలి.

లైమ్ రక్తపరీక్ష వెతికేది బ్యాక్టీరియాను కాదు, దాన్ని చూసి మన ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలను. అవి తగినంత పోగవడానికి వారాలు పడుతుంది. లైమ్‌కు గుర్తయిన మచ్చ కనిపించే తొలి దశలో ఈ పరీక్ష సగానికిపైగా రోగులను పట్టుకోలేదు. పైగా తొలినాళ్లలోనే యాంటీబయాటిక్ పడితే యాంటీబాడీలు ఎప్పటికీ లేవకపోవచ్చు. అందుకే 2020లో అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు సూటిగా చెప్పాయి: లైమ్ ఉన్న ప్రాంతంలో ఆ తరహా మచ్చ కనిపిస్తే రక్తంతో పనిలేదు, మందు మొదలుపెట్టాలి. సాధారణంగా పది రోజుల డాక్సీసైక్లిన్. మచ్చ తీరు అనుమానంగా ఉంటే అప్పుడొకసారి, రెండు మూడు వారాలాగి మరొకసారి రక్తం తీసి పోల్చాలి.

మన పెద్దావిడ మచ్చను చూసి డాక్టరు ఎందుకు తేల్చలేకపోయాడు? పాఠ్యపుస్తకాల్లోని బొమ్మ తెల్లని చర్మం మీద ఎర్రని వలయం, మధ్యలో చుక్క. అసలు సగానికిపైగా మచ్చలకు ఆ వలయమే ఉండదు. చామనఛాయ ఒంటి మీద ఎరుపు కూడా ఎరుపుగా కనబడదు. కమిలినట్టు ముదురురంగులో ఉంటుంది. వెలుతురులో పక్కనుంచి చూడాలి, చేత్తో తడిమి వెచ్చదనం చూడాలి. పది నిమిషాల అపాయింట్‌మెంటులో అంత ఓపిక ఎవరికుంటుంది?

ఇక రెండో రకం తికమక. అమెరికాలో 1990ల మధ్య నుంచి నడుస్తున్న పద్ధతిలో మొదట ఎలైజా, అందులో అనుమానం తేలితే వెస్టర్న్ బ్లాట్. ఈ రెండోదాని రిపోర్టులో గీతలుంటాయి: 23, 39, 41... తొలుత పుట్టే ఐజీఎం యాంటీబాడీలకైతే మూడింట రెండు, ఆలస్యంగా వచ్చే ఐజీజీకైతే పదింట ఐదు గీతలు పడితేనే పాజిటివ్. 41 గీత నోట్లో మామూలుగా ఉండే బ్యాక్టీరియా వల్ల కూడా పడుతుంది. బాధ మొదలై నెల దాటాక ఐజీఎం ఒక్కటే పాజిటివ్‌గా ఉండి ఐజీజీ లేకపోతే, అది చాలావరకు దొంగ పాజిటివే. రిపోర్టు మీద ‘పాజిటివ్’ అన్న ముద్దక్షరాలు మాత్రం చూసినవాడికి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

లెక్క వేసి చూద్దాం. జబ్బు అరుదుగా ఉన్నచోట వెయ్యిమందికి పరీక్ష చేశారు. నిజంగా ఉన్నది ఇద్దరికే. పరీక్ష నూటికి రెండుసార్లే పొరబడుతుంది. ఆ ఇద్దరూ దొరుకుతారు, వారితో పాటు ఏమీ లేని మరో ఇరవైమంది కూడా. అదే పరీక్షను అడవి అంచున కాపురముండి, వేసవి చివర్లో ముఖం ఒకవైపు వాలిపోయిన పిల్లవాడికి చేస్తే పాజిటివ్‌ను నమ్మవచ్చు. పరీక్ష మారలేదు, దాన్ని అడిగిన మనిషి చరిత్ర మారింది.

ఈ సందులోనే వ్యాపారం దూరింది. చికిత్స తీసుకున్న వందమందిలో ఐదు నుంచి పదిమందికి నీరసం, ఒళ్లునొప్పులు, మతిమరుపు నెలల తరబడి ఉంటాయి. అది వాళ్ల ఊహ కాదు. అసలు లైమే సోకనివారు సైతం ఏళ్ల తరబడి ‘అన్నీ నార్మల్, ఒత్తిడి తగ్గించుకోండి’ అనిపించుకుని విసిగిపోయి ఉంటారు. అలాంటివాళ్లకు సొంత కొలమానాలతో పాజిటివ్ ఇచ్చే ల్యాబులు, నెలల తరబడి సెలైన్లో యాంటీబయాటిక్ ఎక్కించే క్లినిక్కులు ఆదరణ చూపిస్తాయి. ఆదరణ నిజం, వైద్యం కాదు. దీర్ఘకాలపు యాంటీబయాటిక్‌తో అదనపు మేలు లేదని 2016లో నెదర్లాండ్స్ అధ్యయనం తేల్చింది. నరంలో పెట్టిన గొట్టం ద్వారా ఇన్ఫెక్షన్ సోకి ఒకరి ప్రాణం పోయిన ఉదంతాన్ని 2017లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ బయటపెట్టింది. అయినా నా కోపం రోగి మీద కాదు. ‘నెగెటివ్’ అని ఫోన్లో ఒక్కమాట చెప్పి ఫైలు మూసినవారే అతణ్ని ఆ గుమ్మానికి తోలారు.

నెగెటివ్ వచ్చినా జబ్బు లేనట్టు కాదని డాక్టర్లు రోగికి రాతలో తెలపాలని వర్జీనియా రాష్ట్రం 2013లో చట్టమే చేసింది, 2018 వరకు అది అమల్లో ఉంది. ఆలోచన మంచిదే. కానీ కాగితం చేతిలో పెట్టి పంపితే భయమే మిగులుతుంది. రోగికి కావలసింది మళ్లీ ఏ రోజు రావాలి, ఈలోగా ఏం కనిపిస్తే పరుగెత్తుకు రావాలి అన్న రెండు ముక్కలు.

మన డాక్టర్లకు ఈ తర్కం కొత్తేమీ కాదు. స్క్రబ్ టైఫస్ అనుమానం వస్తే చంకల్లో, గజ్జల్లో నల్ల పొక్కు కోసం వెతుకుతారు. కనిపిస్తే రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు. ఆ మందు కూడా డాక్సీసైక్లినే. తెలియనిదల్లా రోగి వేసవి ఎక్కడ గడిపిందో.

పెద్దావిడ వీసా గడువు ముగిసి అక్టోబరులో గుంటూరు తిరిగొచ్చింది. సంక్రాంతికి కుడి మోకాలు బూరెలా పొంగింది. ‘అరవై దాటాయి, అరుగుదల’ అన్నారు. చిత్రమేమిటంటే జూన్‌లో ఏమీ తేల్చలేని ఆ రక్తపరీక్ష ఇప్పుడు దాదాపు తప్పకుండా తేలుస్తుంది. లైమ్ మోకాలికి చేరేసరికి ఐజీజీ గీతలు నిండుగా పడి ఉంటాయి. అడిగేవారే లేరు. మచ్చ ఫొటో మాత్రం కూతురి ఫోన్లో ఉంది, ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది, జూన్ 27 తారీఖుతో సహా.