మాటల మూట: పాడుబడినదా, పాడుపెట్టినదా?

ఆఫీసు కాగితాల్లో తరచు కనబడే ఇంగ్లీషు మాట ‘డిలాపిడేటెడ్’. పాత గోడ, విరిగిన బల్ల, మూలబడ్డ మోటారు బండి, అన్నిటికీ గుమాస్తాలు ఇదే వ్రాస్తారు. ‘శిథిలమైన’ అని మనం అర్థం చెప్పుకొంటాము. అది తప్పు కాదు గాని, అంతటితో సరిపోదు.

లాటిన్‌లో ‘లాపిస్’ అంటే రాయి. రాళ్లు చెదరగొట్టినట్లు ఆస్తిని పాడుచేయడం ఈ మాటకు మూలార్థం. ఇంగ్లండు చర్చి చట్టంలో, తనకు అప్పగించిన ఇంటిని మరమ్మతు చేయించక చెడనిచ్చిన పాదిరీ దోషానికి ‘డిలాపిడేషన్’ అని పేరు. కనుక ఇందులో పాతదనమే గాక, చూడవలసినవారు చూడలేదనే ధ్వని కూడా ఉన్నది. ఇళ్లకు, వస్తువులకు వాడవచ్చు. ఒంట్లో నలతకు వాడరాదు. మాసి చిరిగిన చొక్కాకు ‘షాబీ’ చాలు.

‘శిథిలం’ అంటే సడలినది, ‘జీర్ణం’ అంటే అరిగినది. రెంటిలోనూ ఎవరి తప్పూ కనబడదు. ఇక్కడ మన తెలుగే నయం. ఇల్లు ‘పాడుబడింది’ అంటే కాలం చేసిన పని. ‘పాడుపెట్టారు’ అంటే మనుషులు చేసిన పని.

సెంట్రల్ స్టేషను దగ్గర, రిప్పన్ బిల్డింగు పక్కనున్న విక్టోరియా పబ్లిక్ హాలు సంగతి చూడండి. 1883లో దానికి శంకుస్థాపన చేసినవారు విజయనగరం మహారాజా పూసపాటి ఆనంద గజపతిరాజుగారు. 1897లో వివేకానందస్వామి అక్కడ ఉపన్యసించారు. సుగుణ విలాస సభవారు నాటకాలు ఆడారు. తరువాత అది ఏళ్ల తరబడి మూతబడి ఉంటే, పత్రికలవారు ఈ విశేషణమే వాడారు. ‘పాడుబడిన హాలు’ అంటే సగం సంగతే చెప్పినట్లు. ఈ మధ్య కార్పొరేషన్‌వారు పూనుకొని బాగుచేయించారు గదా! గోడలు నిలిచే ఉన్నాయి; కొరవడినది శ్రద్ధ.

మన కుటుంబాల్లో చాలామందికి నెల్లూరు వైపునో కృష్ణా జిల్లాలోనో తాతగారి పెంకుటిల్లు ఒకటి తాళంతో ఉంటుంది. పిల్లలు అడిగితే ‘అది పాడుబడిపోయిందర్రా’ అనడం వాడుక. అన్నదమ్ములు ఈ ఏడు తలా కాస్త వేసుకొని, వానలకు ముందే పగిలిన పెంకులు మార్పిస్తే, ఆ ఇంటికి రెండు మాటల్లో ఏదీ వాడనక్కరలేదు.