ప్రభుత్వ బడుల్లో వృత్తి విద్య: పదో తరగతి దాటే పిల్లలున్న రైతులు తెలుసుకోవాల్సినవి

ఏ పంట వేయాలో నిర్ణయించే ముందు నేల చూస్తాం, నీరు చూస్తాం, మార్కెట్ చూస్తాం. పిల్లల చదువు విషయంలో మాత్రం పక్కింటివారు ఏ కాలేజీలో చేర్చారో చూసి మనమూ అక్కడే చేరుస్తున్నాం. ప్రభుత్వ బడుల్లో వృత్తి విద్యను మార్చే ప్రయత్నాలు ఇప్పుడు జరుగుతున్నాయి. వాటిలో మన పిల్లలకు పనికొచ్చేది ఏమిటో, ఎక్కడ జాగ్రత్తపడాలో చూద్దాం.

ఏం మారుతోంది?

2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచే పిల్లలకు చేతిపనులు, వృత్తులు పరిచయం చేయాలని చెప్పింది. 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తి విద్యతో పరిచయం కలగాలని లక్ష్యం పెట్టింది. 2023లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పనులను మూడు రకాలుగా విభజించింది. అవి ప్రాణులతో చేసే పని, యంత్రాలు, వస్తువులతో చేసే పని, మనుషులకు సేవలందించే పని. మన సాగు, పాడి, తోటల పెంపకం మొదటి రకం కిందికి వస్తాయి. అంటే కాగితం మీద సేద్యానికి బడిలో చోటు దొరికింది.

సమగ్ర శిక్ష పథకం కింద ఎంపిక చేసిన ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో తొమ్మిదో తరగతి నుంచి వృత్తి కోర్సులు నడుస్తున్నాయి. వ్యవసాయం కూడా వాటిలో ఒకటి. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను కొత్త యంత్రాలతో అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని 2024లో మొదలైంది.

ఇంతకుముందు ఎందుకు కుదరలేదు?

ఈ మాట కొత్తది కాదు. 1964-66 నాటి కొఠారి కమిషన్ కూడా చదువును పనితో కలపాలని చెప్పింది. 1986 విద్యా విధానం ఇంటర్ స్థాయి విద్యార్థుల్లో 1990కి 10 శాతం, 1995కి 25 శాతం మందిని వృత్తి కోర్సుల్లోకి తేవాలనుకుంది. ఆ గడువులు దాటిపోయాయి గానీ లక్ష్యం నెరవేరలేదు. దేశంలో 19-24 ఏళ్ల వయసు కార్మికుల్లో పద్ధతి ప్రకారం వృత్తి శిక్షణ పొందినవారు 5 శాతం కన్నా తక్కువేనని, దక్షిణ కొరియాలో 96 శాతం ఉన్నారని 2020 విధాన పత్రమే రాసుకుంది.

కారణం కూడా అందులోనే ఉంది. వృత్తి కోర్సు పూర్తిచేసినవారికి పై చదువుకు సరైన దారి చూపలేదు. బావి తవ్వి కాలువ తీయకుండా వదిలేసినట్టయింది. అందుకే తల్లిదండ్రులు దాన్ని చదువు అబ్బనివారి కోర్సుగా చూశారు. మనమూ తక్కువేం కాదు. మార్కులు తగ్గితే "నాగలి పట్టుకోవాల్సిందే" అని పిల్లల్ని బెదిరిస్తాం. మన పనిని మనమే శిక్షగా చూపిస్తే బడి దానికి విలువ ఇస్తుందా?

రెండో కారణం బడిలోనే కనిపిస్తుంది. చాలా చోట్ల వృత్తి శిక్షకులను ఏజెన్సీల ద్వారా తాత్కాలికంగా తీసుకుంటున్నారు. ఏజెన్సీ ఒప్పందం ఆగితే పాఠం కూడా ఆగుతుంది. మడిలో దిగకుండా నారు పోయడం నేర్చుకున్న పిల్లవాడికి సర్టిఫికెట్ మిగులుతుంది గానీ పని రాదు.

మనకు దీనితో ఏం పని?

రెండెకరాల కమతం ఇద్దరు కొడుకులకు పంచితే ఎకరం చొప్పున వస్తుంది. దానిమీద ఒక కుటుంబం బతకడం కష్టం. కానీ ఆ ఎకరం చుట్టూ డ్రిప్ బిగించడం, మోటారు రివైండింగ్, ట్రాక్టరు, వరికోత యంత్రం మరమ్మతు లాంటి పనులు పెరుగుతున్నాయి. డ్రోన్ పైలట్ సర్టిఫికెట్‌కు పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండి ఉండాలి. పురుగుమందుల దుకాణం లైసెన్సుకు కూడా సంబంధిత చదువో, సర్టిఫికెట్ కోర్సో అడుగుతున్నారు. చదువు, పని రెండూ వచ్చినవారికే ఈ ఆదాయం అందుతుంది.

పదో తరగతి తర్వాత దారులు

• వ్యవసాయ పాలిటెక్నిక్: వ్యవసాయ డిప్లొమా రెండేళ్లు, అగ్రికల్చరల్ ఇంజనీరింగ్ డిప్లొమా మూడేళ్లు. వ్యవసాయ డిప్లొమా చేసినవారు అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌కు పోటీపడవచ్చు. అయితే ఆ సీట్లు పరిమితం. తెలంగాణలో వ్యవసాయ విస్తరణ అధికారి పోస్టులకు ఈ డిప్లొమా పనికొస్తుంది.

• ఇంటర్ వొకేషనల్: పంటల ఉత్పత్తి వంటి కోర్సులున్నాయి. పై చదువులకు వెళ్లాలనుకుంటే బ్రిడ్జి కోర్సు పరీక్ష కూడా రాయాలి. ఈ సంగతి తెలియక చాలామంది ఆగిపోతున్నారు. చేరిన రోజే అడగండి.

• ఐటీఐ: రెండేళ్ల ట్రేడు పూర్తిచేసినవారికి పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో చేరే వీలుంది. అక్కడి నుంచి ఈసెట్ ద్వారా బీటెక్ వైపు వెళ్లవచ్చు.

• సాధారణ ఇంటర్ బైపీసీ: ఈఏపీసెట్ ద్వారా బీఎస్సీ అగ్రికల్చర్. ఇందులో రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది. పట్టాదారు పాసుపుస్తకం, గ్రామీణ ప్రాంతంలో చదివినట్టు ధ్రువపత్రాలు ముందే సిద్ధం చేసుకోండి.

ప్రవేశ నిబంధనలు ఏటా కొంత మారుతుంటాయి. ఆ సంవత్సరం నోటిఫికేషన్ చదివాకే దరఖాస్తు చేయండి. వ్యవసాయ డిప్లొమా ఇస్తామని ప్రైవేటు సంస్థలు చెబితే, దానికి వ్యవసాయ విశ్వవిద్యాలయం గుర్తింపు ఉందో లేదో కనుక్కోకుండా ఫీజు కట్టవద్దు.

బడిలో మీరు అడగాల్సినవి

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. ఆ సమావేశానికి వెళ్లి ఈ ప్రశ్నలు అడగండి.

1. మన బడిలో వృత్తి కోర్సు ఉందా? లేకపోతే కావాలని తీర్మానం చేసి మండల విద్యాశాఖాధికారికి పంపవచ్చా?
2. శిక్షకుడు ఏడాది పొడవునా ఉంటారా?
3. పనిముట్లు పిల్లల చేతికి వస్తున్నాయా, బీరువాలోనే ఉంటున్నాయా?
4. ఈ సర్టిఫికెట్ తర్వాత ఏ కోర్సులో చేరవచ్చు?

అడగడంతో పాటు మనం ఇవ్వగలిగింది కూడా ఉంది. బడులు జూన్‌లో తెరుస్తారు, వానాకాలం సాగూ అప్పుడే మొదలవుతుంది. ఊళ్లో ఒక రైతు పది సెంట్లు చూపించడానికి ఒప్పుకుంటే, మట్టి పరీక్ష నుంచి పంట అమ్మకం దాకా లెక్కలతో సహా పిల్లలు ఒక పంటను పూర్తిగా చూడగలరు. అయితే నేర్పడం వేరు, కూలికి వాడుకోవడం వేరు. పురుగుమందు కలపడం, పిచికారీ చేయడం పిల్లలతో ఎట్టి పరిస్థితుల్లోనూ చేయించకూడదు.

పిల్లవాడు సేద్యంలోకి వస్తాడా, ఉద్యోగానికి వెళ్తాడా అన్నది పద్నాలుగేళ్లకే తేల్చాల్సిన విషయం కాదు. పైకి వెళ్లే దారి ఉన్న కోర్సునే ఎంచుకోండి. ఈ ఏడాది మీ ఇంట్లో తొమ్మిదో, పదో తరగతి చదివేవారు ఉంటే, వచ్చే కమిటీ సమావేశం తేదీని ఈ వారంలోనే ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగి తెలుసుకోండి.