భర్తలు వేపచెట్టు కిందే కూర్చోవాలా?



గర్భిణీ స్త్రీల ఓ.పి. ఉన్న రోజున మన ఆసుపత్రి ఆవరణలోకి వచ్చి చూడండి. లోపల బెంచీల మీద అమ్మాయిలు, పక్కన అమ్మో అత్తో. బయట వేపచెట్టు కింద మోటారు సైకిళ్ళ మీద భర్తలు. హిందూపురం నుంచి, పెనుకొండ పల్లెల నుంచి, ధర్మవరం నుంచి భార్యను బండి మీద తీసుకొచ్చి, చీటీ రాయించి, డబ్బు కట్టి, ఇక తమ పని అయిపోయిందని ఫోను చూసుకుంటూ కూర్చుంటారు. "లోపలికి రా నాయనా" అంటే "ఆడోళ్ళ విషయం గదా సిస్టరమ్మా, నాకేం పని ఆడ?" అంటారు. తప్పు వాళ్ళ ఒక్కరిదే అని మేము అనము. ఎన్నో ఏండ్లు ఆ తలుపు దగ్గర నిలబడి "మగవాళ్ళు బయట ఉండండి" అన్నది మేమే.

ఆ మాటకు ఎంత మూల్యం ఉందో ఒక కుటుంబం వల్ల మాకు తెలిసింది. పెనుకొండ దగ్గరి పల్లె అమ్మాయి, తొలి కాన్పు. శ్రీమంతం చేసి పుట్టింటికి తెచ్చుకున్నారు. భర్తకు బెంగళూరులో కట్టడం పని. ఎనిమిదో నెలలో ఒక రాత్రి ఆమెకు విపరీతమైన తలనొప్పి, కళ్ళు మసకలు, ముఖమంతా వాపు. అల్లుణ్ణి అడగకుండా ఆసుపత్రికి తీసుకుపోతే ఏమంటాడోనని పుట్టింటివారు ముందు అతనికి ఫోను చేశారు. "మాత్ర వేయండి, ఆదివారం నేనొస్తా" అన్నాడు. తెల్లవారేసరికి ఫిట్స్ వచ్చాయి. మన పెద్దలు గుర్రపువాతం అనేది అదే. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు.

మూడో రోజు వార్డు వరండాలో అతను మమ్మల్ని అడిగాడు: "తలనొప్పితో ఇంత అవుతుందని నాకెవరూ చెప్పలేదే సిస్టర్?" మా దగ్గర జవాబు లేదు. కార్డు తీసి చూస్తే ఆ అమ్మాయి అంతకుముందు నాలుగుసార్లు వచ్చింది. పుట్టింటికి రాకముందు ఆ నాలుగుసార్లూ పని మానుకొని వచ్చి తీసుకొచ్చింది అతనే. అపాయ సూచనలు ఆమెకు చెప్పాము, ఆమె తల్లికీ చెప్పాము. ఎవరి మాట కోసం ఇల్లంతా ఎదురుచూస్తుందో ఆ మనిషికి మాత్రం చెప్పలేదు.

అందుకే ఇప్పుడు భర్తను కూడా పేరు పెట్టి పిలిచి కుర్చీ వేస్తున్నాము. అయితే ముందు భార్యతో సిస్టర్ ఒంటరిగా మాట్లాడుతుంది. ఆమెకు ఇష్టమైతేనే అతనికి పిలుపు. ఇంట్లో దెబ్బలు తినే అమ్మాయి భర్త ఎదుట నోరు విప్పలేదు గదా. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా భర్తలను కలుపుకోమని చెబుతూనే, స్త్రీ ఇష్టాన్ని, ఆమె నిర్ణయాన్ని దాటవద్దని హెచ్చరించింది.

లోపలికి వచ్చిన భర్తకు మేము బి.పి. అంకె చూపిస్తాము. 140/90 లేదా ఆ పైన ఉంటే ఊరుకోకూడదని చెబుతాము. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, రక్తం కనబడడం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రా పగలా అని చూడకుండా 108కి ఫోను చేయాలి. ఎవరి అనుమతి కోసమూ ఆగవద్దని అత్తమామలకు, పుట్టింటివారికి అతని నోటితోనే ముందుగా చెప్పిస్తాము. అతని రక్తం గ్రూపు కూడా కావాలి. భార్యది నెగెటివ్, భర్తది పాజిటివ్ అయితే 28వ వారంలో ఒక ఇంజక్షన్, పుట్టిన బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల లోపల మరొకటి అవసరం. ఐరన్ మాత్ర టీతో మింగకూడదని కూడా చెబుతాము. టీ పెట్టి ఇచ్చే భర్తలు తక్కువనుకోండి, అయినా చెబుతాము.

స్కానింగ్ గదిలో "ఏ బిడ్డ?" అని మాత్రం అడగవద్దు. 1994 చట్టం ప్రకారం చెప్పడం నేరం.

బిడ్డతో మాట్లాడమంటే చాలామంది నవ్వుతారు. ఆరో నెల దాటేసరికి బిడ్డకు శబ్దాలు వినబడడం మొదలవుతుంది. తల్లి గొంతు బాగా వినబడుతుంది, బయటి గొంతులు కాస్త మందంగా చేరతాయి. కాబట్టి పుట్టగానే నాన్న గొంతు గుర్తుపడుతుందని మేము మాట ఇవ్వము. మేము చూసింది వేరే. రోజూ భార్య పక్కన కూర్చుని పొట్ట మీద చెయ్యి పెట్టి కదలిక తెలుసుకున్న మనిషి, కాన్పు రోజున బిడ్డను చేతికిస్తే వెనక్కి జరగడు. ధర్మవరం నేతన్న ఒకాయన, మగ్గం గుంటలో నుంచి కాళ్ళు తీసి రోజూ సాయంత్రం పది నిమిషాలు భార్య దగ్గర కూర్చునేవాడట. కదలిక సరిగా లేదని మొదట అనుమానించి ఆమెను తీసుకొచ్చింది కూడా ఆయనే. ఆ బిడ్డ ఇప్పుడు బడికి పోతున్నాడు.

పుట్టింటికి పంపే ఆచారం మానమని మేము చెప్పము. తల్లి దగ్గర ఆ పిల్లకు దొరికే విశ్రాంతి అత్తింట్లో దొరకదు. కానీ బెంగళూరులో ఉన్న భర్త "తిన్నావా?" అన్న తరువాత "కదిలిందా? కాళ్ళు వాచాయా?" అని కూడా అడగవచ్చు.

నేసి ఇస్తేనే కూలి వచ్చే మనిషికి, ఫ్యాక్టరీ షిఫ్టు మనిషికి పగటి ఓ.పి.కి రావడమంటే ఒక రోజు తిండి పోవడమే. అందుకే నెలకు ఒక సాయంత్రం ఓ.పి. పెట్టమని మన డాక్టర్లను అడుగుతున్నాము. సంఘ పెద్దలకూ ఒక మాట. స్త్రీల కూటంలో ఈ విషయాలు చెప్పడానికి మమ్మల్ని ఎన్నోసార్లు పిలిచారు. పురుషుల కూటానికి ఇంతవరకు ఒక్కసారీ పిలవలేదు.

ఇంకొకటి మిగిలింది. కాన్పు సమయంలో తల్లికి తోడు మనిషిని అనుమతించాలని, చాటు ఉన్న చోట భర్తనూ రానివ్వవచ్చని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది. మన కాన్పు గదిలో మూడు మంచాలు పక్కపక్కనే ఉన్నాయి, నడుమ తెరలు లేవు. ఇలా ఉండగా ఏ భర్తనూ లోపలికి రానివ్వలేము. కమిటీ వారికి అర్జీ పెట్టాము. ధర్మవరం పట్టు అడగలేదు. ఉతికితే నిలిచే ముతక నూలుగుడ్డ, దాన్ని వేలాడదీయడానికి కమ్మీలు ఉంటే చాలు.