ఎంతైతది డాక్టర్ సాబ్?

ఇంట్లో కుక్కపిల్ల ఉందని చెప్పి చూడండి. ఎదుటివాళ్లు వరసగా అడిగే ప్రశ్నలు ఇవే: ఏ బ్రీడ్? ఎంతకి కొన్నారు? కరుస్తుందా? ‘డాక్టర్ ఎవరు?’ అని అడిగినవాళ్లు నాకింతవరకు ఒక్కరూ తగల్లేదు. నన్నడిగితే మొదటి ప్రశ్న అదే కావాలి. దాని వెనకే రెండోది, ‘ఎంతైతది?’

ఈ రెండో ప్రశ్న దగ్గరే మనందరికీ మొహమాటం. కూరగాయల బండి దగ్గర కొత్తిమీర కట్టకి బేరమాడే మనం, క్లినిక్‌లో టేబుల్ మీద వణుకుతున్న కుక్కను పెట్టుకుని ఖర్చు మాట అడగలేం. అడిగితే ‘ప్రాణం కన్నా పైసలెక్కువా?’ అనుకుంటారని భయం. నేను చెప్పదలుచుకున్నది ఇదే: ఆ ప్రశ్న అడగడం పిసినారితనం కాదు. కుక్కయినా పిల్లయినా, దాన్ని చివరిదాకా చూసుకోవాలనుకునేవాళ్లు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న అది. విసుక్కోకుండా దానికి జవాబు చెప్పే డాక్టరే నా దృష్టిలో మంచి డాక్టర్.

మాది నాచారం. కాలేజీకి రోజూ ఉప్పల్ రింగ్ రోడ్ మీదుగానే రావాలి. నా చిన్నప్పుడు నాచారం అంటే ఇండస్ట్రియల్ ఏరియా, ఈఎస్ఐ హాస్పిటల్, సైరన్ మోగగానే బయటికొచ్చే షిఫ్టు జనం. ఇప్పుడు నాలుగో అంతస్తు బాల్కనీలో హస్కీ కనిపిస్తోంది. సైబీరియా మంచులో బండి లాగాల్సిన జీవి, మే నెల ఎండకి నాలుక బయటపెట్టి హెచ్ఎంటీ నగర్ వైపు దిగులుగా చూస్తూ ఉంటుంది. హబ్సిగూడ నుంచి ఉప్పల్, బోడుప్పల్ దాకా పెట్ షాపులు, పెట్ క్లినిక్‌లు వరసగా వచ్చాయి. బోర్డులైతే చాలానే ఉన్నాయి. లోపల ఎవరున్నారో, ఏ పనికి ఎంత తీసుకుంటారో ఆ బోర్డు మీద ఉండదు.

దీని వెనక కొంచెం చరిత్ర ఉంది. మన భాషలో ఈ వైద్యం పేరే ‘పశువైద్యం’. ఊళ్లలో అది ‘పశువుల దవాఖాన’. అంటే ఎడ్లు, బర్రెలు, గొర్రెలు, మేకలు. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ 1946లో మొదలైంది. అప్పటినుంచీ ప్రభుత్వ పశువైద్య వ్యవస్థ ప్రధానంగా రైతు కోసమే నడిచింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన 1962 నంబరు సంచార పశువైద్య వాహనాలు కూడా పల్లెల కోసమే. అది న్యాయమే, బర్రె పోతే ఆ ఇంటి బతుకుదెరువు పోతుంది. కానీ సిటీలో కుక్కలు, పిల్లులు పెరిగేసరికి వాటి వైద్యం ఎక్కువగా ప్రైవేటు చేతికి వెళ్లింది. వాటికి ఆరోగ్యశ్రీ లేదు. ఖర్చంతా మన జేబులోంచే. అందుకే లెక్క మనకే తెలిసి ఉండాలి.

లెక్క తెలియకపోతే ఏమవుతుందో మా గల్లీలోనే చూశాను. టిఫిన్ సెంటర్ నడిపే ఆంటీ ఒక కుక్కపిల్లను తెచ్చుకుంది. రెండున్నర నెలల వయసులో దానికి వాంతులు, రక్తంతో విరేచనాలు పట్టుకున్నాయి. పార్వో. ఆంటీ దాన్ని ఒక క్లినిక్‌కి తీసుకెళ్లింది. మొదటిరోజు బిల్లు కట్టింది. రెండోరోజు ఇంకాస్త ఎక్కువైంది, అదీ కట్టింది. మొత్తం ఎన్ని రోజులు పడుతుంది, ఎంతవుతుంది అని ఆమె అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. మూడోరోజు చేతిలో డబ్బులైపోయాయి. సెలైన్ మధ్యలో ఆపించి పిల్లను చీరకొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చేసింది. ఆ రాత్రే అది పోయింది.

పార్వో వైరస్‌ని నేరుగా చంపే మందంటూ మామూలుగా దొరకదు. సెలైన్, వాంతులాపే ఇంజక్షన్లు, యాంటీబయాటిక్‌లతో శరీరాన్ని నిలబెడుతూ పోవాలి. దానికి దాదాపు వారం పట్టొచ్చని డాక్టర్లందరికీ తెలుసు. ‘ఐదారు రోజులు పట్టొచ్చు, రోజుకి ఇంత, బతుకుతుందన్న గ్యారంటీ లేదు’ అని మొదటిరోజే చెప్పి ఉంటే, ఆంటీ ఉన్న డబ్బుతో మొదటే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లేది. పిల్ల కచ్చితంగా బతికేదని నేననను. కానీ వైద్యం సగంలో ఆగిపోయేది కాదు. ఆమె డబ్బూ పోయింది, పిల్లా పోయింది. పైగా ‘నేనే సరిగ్గా చూడలేదు’ అన్న బాధొకటి మిగిలింది. ఆ బాధ ఆమెది కాకూడదు.

అందుకని, డాక్టర్‌ని వెతకాల్సింది రోగమొచ్చాక కాదు. కుక్క బాగున్నప్పుడే, మామూలు టీకాకి వెళ్లిన రోజే చూసుకోవాలి. నేను చూసేవి ఇవి.

ముందు డిగ్రీ. ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం, 1984 ప్రకారం జంతువులకి వైద్యం చేయాలంటే వెటర్నరీ డిగ్రీ ఉండి కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి ఉండాలి. బోర్డు మీద బి.వి.ఎస్సీ అండ్ ఏ.హెచ్. ఉందా, రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా చూడండి. పెట్ షాపులో గ్రూమింగ్ చేసే అబ్బాయి ‘నేనే వేసేస్తా అన్నా, సగం రేటుకే’ అంటే వద్దనండి. టీకాని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. కౌంటర్ మీద పడి ఉన్న సీసాలోంచి వేసినదానికి పైసలు తక్కువే కావచ్చు, అది పనిచేస్తుందన్న నమ్మకం మాత్రం లేదు. టీకా వేశాక సీసా మీది స్టిక్కర్ తీసి బుక్‌లో అంటించి సంతకం పెడుతున్నారా అన్నది కూడా చూడాలి.

రెండోది, టెస్టులు రాసినప్పుడు ఒక ప్రశ్న: ‘రిజల్ట్‌ని బట్టి ట్రీట్‌మెంట్ మారుతుందా?’ మనం ఇంజనీరింగ్ వాళ్లం, ఈ లాజిక్ మనకి కొత్త కాదు. ఔట్‌పుట్‌ని మార్చని ఇన్‌పుట్‌కి ఖర్చెందుకు? పోయిన వానాకాలం మా పింకీకి జ్వరమొచ్చి తిండి మానేసింది. ఒంటిమీద గోమార్లున్నాయి. డాక్టర్ గారు రక్తపరీక్ష రాస్తే ఇదే అడిగాను. ఆయన విసుక్కోలేదు. ‘టిక్ ఫీవర్ అనుకుంటున్నా. ప్లేట్‌లెట్లు మరీ పడిపోతే అడ్మిట్ చేయాలమ్మా, లేదంటే మాత్రలిస్తా, ఇంట్లోనే తగ్గిపోతది. అది తెలియడానికే టెస్టు’ అన్నారు. రెండే నిమిషాలు. ఆ టెస్టుకి డబ్బు కట్టడం నాకు భారమనిపించలేదు. అప్పటినుంచి ఆయనే మా డాక్టర్.

మూడోది కాగితం. మందుల చీటీ చేతికివ్వాలి, బిల్లులో ఏది ఎంతో విడివిడిగా ఉండాలి. కుక్కలకి రాసే మందుల్లో కొన్ని మనుషులు వాడేవే, టిక్ ఫీవర్‌కి ఇచ్చే డాక్సీసైక్లిన్ అలాంటిదే. మందు అసలు పేరు రాసిమ్మంటే వీధి చివర మెడికల్ షాపులో తక్కువకి దొరకొచ్చు. అయితే డోసు డాక్టరే చెప్పాలి. సొంత వైద్యం ఎప్పుడూ వద్దు. మనకి జ్వరమొస్తే వేసుకునే పారాసెటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది. ఐబూప్రొఫెన్ కుక్క కడుపునీ కిడ్నీలనీ దెబ్బతీస్తుంది. బిల్లు గురించి ఇంకో సంగతి: వెటర్నరీ క్లినిక్ ఇచ్చే వైద్య సేవలకి జీఎస్టీ మినహాయింపు ఉంది. కన్సల్టేషన్ మీద జీఎస్టీ వేస్తే ఎందుకని మర్యాదగా అడగండి. ఫుడ్డూ షాంపూల లెక్క వేరు.

నాలుగోది దూరం. దీన్ని కిలోమీటర్లలో కాదు, నిమిషాల్లో కొలవాలి. స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ ఉన్న సాయంత్రం హబ్సిగూడ నుంచి ఉప్పల్ దాటడం ఎలా ఉంటుందో మీకు తెలుసు. బోడుప్పల్, పీర్జాదిగూడ వైపువాళ్లకి ఏళ్ల తరబడి సాగుతున్న నారపల్లి ఫ్లైఓవర్ పనుల సంగతీ తెలుసు. మెట్రోలో కుక్కను ఎక్కనివ్వరు. ఆటో అన్న మూడ్ ఎలా ఉంటుందో చెప్పలేం. కాబట్టి రోజువారీ పనులకి నడిచి వెళ్లగలిగే డాక్టర్ ఒకరు ఉండాలి. ‘రాత్రిపూట ఏదైనా అయితే ఎక్కడికి వెళ్లాలి?’ అని ముందే ఆయన్నే అడిగి, ఆ నంబర్ ఇంట్లో అందరి ఫోన్లలో సేవ్ చేయాలి.

ఇక ఖర్చు తగ్గించుకోవడం. మెషీన్ ఆగిపోయాక బాగుచేయడం కన్నా ముందే నూనె వేసుకోవడం చవక అని మనం సెకండియర్‌లో చదివాం. ఇక్కడా అంతే. కుక్కపిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకాలు మొదలుపెట్టి, పదహారు వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకొకటి వేయించాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టర్ చెప్పిన ప్రకారం బూస్టర్లు. వీటన్నిటి ఖర్చు కలిపినా పార్వోతో వారం అడ్మిట్ చేస్తే అయ్యేదానికన్నా చాలా తక్కువ. ఆడకుక్కకి వేళకి ఆపరేషన్ చేయిస్తే తర్వాత గర్భసంచికి చీము పట్టే ప్రమాదం ఉండదు. గోమార్ల మందు నెలనెలా వేస్తే టిక్ ఫీవర్ భయం చాలావరకు తగ్గుతుంది.

ఇంకో చిన్న పని: నెలకి ఐదొందలు పక్కన పెట్టండి. ఏడాదికి 6,000 అవుతుంది. ఒక బిర్యానీ, ఒక సినిమా మానుకుంటే వచ్చే డబ్బే. ఇన్సూరెన్స్ కూడా ఉంది. న్యూ ఇండియా అష్యూరెన్స్‌తో పాటు కొన్ని ప్రైవేటు కంపెనీలు కుక్కలకి పాలసీలిస్తున్నాయి. అయితే ఏ జబ్బులకి వర్తించదో, ఎన్నాళ్లు ఆగాలో ఆ చిన్న అక్షరాలు చదివాకే కట్టండి.

డబ్బు నిజంగా లేనప్పుడు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లడం నామోషీ కాదు. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, ఉప్పల్ నుంచి రామంతాపూర్, అంబర్‌పేట మీదుగా వెళ్లొచ్చు. సికింద్రాబాద్ బోయిగూడలో వెటర్నరీ యూనివర్సిటీ వాళ్ల ఆసుపత్రి ఉంది, నాచారం వాళ్లకి తార్నాక, మెట్టుగూడ మీదుగా దారి. క్యూ ఉంటుంది, ఓపిక కావాలి. టీచింగ్ హాస్పిటల్ కాబట్టి స్టూడెంట్లు చుట్టూ చేరి చూస్తారు. గాంధీలో, ఉస్మానియాలో మనల్నీ అలాగే చూస్తారు కదా. ఏటా జులై 6న ప్రపంచ జూనోసిస్ దినం సందర్భంగా పశుసంవర్ధక శాఖ పెంపుడు కుక్కలకి ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంది. ఆ తేదీ క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి.

‘ఇంట్లో మనుషులకే దిక్కులేదు, కుక్కకింత అవసరమా?’ అని మా నాన్నలాగే చాలామంది నాన్నలు అంటారు. ఆ మాటని నేను కొట్టిపారేయను. ఖర్చు భరించలేమనుకుంటే పెంచుకోకపోవడమే మంచిది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మొదటి స్టైపెండ్‌తో హాస్టల్ రూముకి ల్యాబ్రడార్ పిల్లను తెచ్చి, ఫైనల్ సెమ్ అయ్యాక వాచ్‌మన్‌కి అప్పగించి వెళ్లిపోవడం కన్నా అది వెయ్యిరెట్లు మేలు. కానీ ఒకసారి తెచ్చుకున్నాక రేబిస్ టీకా ఒక్క కుక్క కోసమే కాదు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ వచ్చిన మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ఆ టీకా ఇంట్లో చిన్నపిల్లల కోసం, లిఫ్టులో మన పక్కన నిలబడే తాతగారి కోసం.

డాక్టర్ల వైపు నుంచి కూడా చూడాలి. మెయిన్ రోడ్డు మీద అద్దెలు, రక్తపరీక్ష మెషీన్, రాత్రి డ్యూటీ మనిషి జీతం, అన్నీ వాళ్ల జేబులోంచే. అడ్మిట్ చేసి మళ్లీ ఇటు రాని ఓనర్లూ ఉన్నారు. ఫీజు తీసుకోవడం తప్పని నేననట్లేదు. ఎంతో ముందే చెప్పాలంటున్నాను. మనుషుల ఆసుపత్రులు రేట్లు బోర్డు మీద పెట్టాలని క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నిబంధనలు చెప్తున్నాయి. పెట్ క్లినిక్‌లకీ అలాంటి నియమం రావాలి. కన్సల్టేషన్, టీకాలు, ఆపరేషన్, ఒకరోజు అడ్మిషన్, ఈ నాలుగు రేట్లూ తెలుగులో రాసి గోడకి పెడితే చాలు. మా ఆంటీ లాంటివాళ్లు నోరు తెరిచి అడగాల్సిన పనే ఉండదు.

ఆ బోర్డు వచ్చేదాకా మనమే అడగాలి. వచ్చేసారి టీకాకి వెళ్లినప్పుడు, కుక్క తోక ఊపుతూ హుషారుగా ఉన్నప్పుడే, ‘ఎంతైతది డాక్టర్ సాబ్?’ అని అడిగి చూడండి. ఆయన జవాబు చెప్పే తీరులోనే ఆయన మన డాక్టర్ అవునో కాదో తెలిసిపోతుంది.